చాటింపు వారంలో తొలి క్యాసెట్టు

మీరంతా ఇప్పుడు పడకగదిలోనే కూర్చుని, కిటికీకి దుప్పటి కట్టి, చిన్న మైకు పెట్టుకుని పాట పాడేస్తున్నారు. సాయంత్రానికల్లా దాన్ని లోకం మీదికి వదిలేస్తున్నారు. మా మనవరాలూ అదే చేస్తుంది. మొన్న ఒక పాట వినిపించి, "ఎట్లుంది తాతా, ఒక్క ముక్కలో చెప్పు" అంది. ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడే చేతకాలేదు, ఇప్పుడేం చేతనవుతుంది. అందుకే ఆ అమ్మాయికి చెప్పాలనుకున్నది, మీకూ పనికొస్తుందేమోనని, ఇక్కడ రాస్తున్నాను.

నేను సౌండ్ రికార్డిస్టును. సొంతవూరు చిత్తూరు అయినా ఉద్యోగమంతా తిరుపతిలోనే, బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల అంగడి పైనున్న స్టూడియోలో గడిచింది. మా దగ్గర తయారయ్యేవన్నీ భక్తి పాటలు. గోవింద నామాలు, మేలుకొలుపులు, మంగళహారతులు. కొండకు వచ్చినవాళ్ళు లడ్డూతో పాటు ఒక క్యాసెట్టు కూడా కొనుక్కుపోయే కాలం అది. ఎన్నికలొస్తే ఆటోల్లో తిప్పే ప్రచారం చేసేవాళ్ళం. పండగలొస్తే చీరల దుకాణాల ప్రకటనలు. పొద్దున దేవుణ్ణి నిద్రలేపిన గాయకుడే మధ్యాహ్నం చీరల మీద తగ్గింపు చాటేవాడు. కింద అంగడిలో బిందె జారిపడితే పైన రికార్డవుతున్న మా టేకు పాడైపోయేది. అందుకని మా ఓనరు ఆ అంగడాయనకు రోజూ పొద్దున్నే వెళ్ళి దండం పెట్టి వచ్చేవాడు. మా ఓనరు దండాలకు వెనకాడే మనిషి కాదు.

అన్నేళ్ళలో ఎన్ని వందల క్యాసెట్లు నా చేతి మీదుగా పోయాయో చెప్పలేను. వాటిలో నేను చేశానని గొప్పగా చెప్పుకునేది మాత్రం ఒక్కటే. అది భక్తి పాటల క్యాసెట్టు కాదు. నలుగురు ఆడపిల్లల తొలి ఆల్బమ్.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తిరుపతి కేబుల్ ఛానల్ వాళ్ళు ఆడపిల్లలకు పాటల పోటీ పెట్టారు. ఒకరిని గెలిపించి బహుమతి ఇచ్చి పంపేయాలన్నది మొదటి ఆలోచన. ఇంతలో ఉత్తరాదిన టీవీ పోటీలోంచి ఆడపిల్లల బృందం ఒకటి పుట్టి ఊపేస్తోందని వాళ్ళకు తెలిసింది. మనమెందుకు చేయకూడదని వాళ్ళూ నలుగురిని ఎంచి ఒక బృందం కట్టారు. దానికి ఇంగ్లీషు పేరు ఒకటి పెట్టారు. ఆ పేరు ఆ పిల్లలకే నోరు తిరిగేది కాదు. నేనైతే ఊళ్ళ పేర్లతోనే పిలిచేవాణ్ణి. మీకూ అట్లాగే చెబుతాను.

కాళాస్తి అమ్మాయిది కలంకారీ పని చేసే ఇల్లు. ఆమె వేళ్ళకు ఎప్పుడూ నల్ల రంగు అంటి ఉండేది. పాడేటప్పుడు ఆ వేళ్ళు గాలిలో గీతలు గీస్తుండేవి. నాయుడుపేట అమ్మాయి ఇల్లు హైవే పక్కనే. లారీల హోరు మీద పాడి పాడి గొంతు పెంచుకున్న పిల్ల. ఆమె పాడుతుంటే మైకును రెండడుగులు వెనక్కి జరపాల్సి వచ్చేది. చిత్తూరు అమ్మాయి ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు. గొంతు తేనె, ఉచ్చారణ మాత్రం రెండు భాషలకూ సగం సగం. నాలుగో అమ్మాయిది తిరుపతిలోనే, గంగమ్మ గుడికి దగ్గర్లోని పాత వీధి. తండ్రి దర్జీ.

ఈ తిరుపతి అమ్మాయిది లావు గొంతు. పైస్థాయికి పోదు. పోటీలో కూడా ఆమె మీద జడ్జీలు కొట్టుకున్నంత పని చేశారు. ఒకాయన మగ గొంతన్నాడు, ఇంకొకాయన ఇదే కావాలన్నాడు. చూసేవాళ్ళు కార్డు ముక్కల మీద ఓట్లు రాసి పంపేవారు, వాళ్ళు ఆమెను నిలబెట్టారు. నలుగురూ కలిసి పాడేటప్పుడు మిగతా ముగ్గురూ పైన పాడితే ఆమె కింద పాడుతుంది. వినేవాళ్ళకు ఆమె పాడుతోందని తెలియదు కూడా.

క్యాసెట్టు వేయడానికి ఒప్పుకున్న కంపెనీ నుంచి ఒక మేనేజరు వచ్చాడు. విజయవాడ వైపు మనిషి. మంచి చొక్కా, నడుముకు సెల్‌ఫోను, నోటినిండా "అండీ". నాకు మేనేజర్లంటే ఉద్యోగం మొదట్నుంచీ గిట్టదు, అయినా ఈయన చెడ్డవాడని చెప్పను. పని తెలిసిన మనిషే. మూడు రోజులు రిహార్సల్ విని నన్ను పక్కకు పిలిచి, "ఆ నాలుగో వాయిస్ రిజిస్టర్ అవ్వట్లేదండీ" అన్నాడు. నేను వెళ్ళి మళ్ళీ నా మీటల ముందు కూర్చున్నాను. నా పని మీటలు తిప్పడం, మనుషుల్ని ఎంచడం కాదని అప్పట్లో నా అభిప్రాయం.

సంగీతమంతా చెన్నైలో చేయించారు. పాటలు మాత్రం మా స్టూడియోలో నేర్చుకుని, చెన్నై వెళ్ళి పెద్ద స్టూడియోలో పాడి రావాలని ఏర్పాటు. మేనేజరు అక్కడ తేదీలు తీసుకుని వచ్చి సంతోషంగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తిరుపతి అమ్మాయి మాత్రం కొట్టలేదు.

"ఆ వారం నేను రాలేను సార్" అంది. "జాతర వారం అది."

తిరుపతిలో ఉండనివాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. ఎండాకాలంలో మా ఊరికి గంగమ్మ జాతర వస్తుంది. మొదటి రోజు రాత్రి వీధుల్లో చాటింపు వేస్తారు. ఆ చాటింపు విన్న ఊరివాళ్ళు జాతర ముగిసేదాకా ఊరు విడిచి వేరేచోట పడుకోకూడదు. చాటింపు తర్వాత వచ్చిన బయటివాళ్ళు ఊళ్ళో నిద్ర చేయకూడదు. కొండకు వచ్చిపోయే యాత్రికులకు ఇవేవీ పట్టవు, వాళ్ళ లెక్క వేరు. పాత వీధుల కుటుంబాలు మాత్రం పెళ్ళి మాటలైనా వాయిదా వేసుకుంటాయి గానీ పొలిమేర దాటవు. తేదీలు తీసుకునే ముందు మేనేజరు మా ఊళ్ళో టీ కొట్టువాణ్ణి అడిగినా చెప్పేవాడు. ఆయన అడగలేదు. తెలిసి చేశాడని కొందరన్నారు. నాకైతే తెలియక చేసి, తెలిశాక అది తన మంచికే వచ్చిందనుకున్నాడని అనిపిస్తుంది.

మరునాడు దర్జీ స్టూడియోకు వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో టేపు అట్లాగే వేలాడుతోంది.

"ఏడాదికోసారి వచ్చేదే కదండీ" అన్నాడు మేనేజరు. "ఈ ఒక్కసారికి పంపించండి. అమ్మవారు ఏమీ అనుకోరు."

"మీరు అమ్మవారిని అడిగినారా సార్?"

"అది కాదండీ, పిల్ల భవిష్యత్తు..."

"మా పాపకు చిన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసింది. బతకదన్నారు. అప్పుడు మొక్కుకున్నా. నేనుండేంతవరకు ఏటా జాతరలో వేషం కడతానని, ఈ బిడ్డ జాతరపూట ఊళ్ళోనే ఉంటాదని. నా ఒక్కడి మొక్కయితే ఏదో ఒకటి చెప్పుకుంటా. బిడ్డ పేరు పెట్టి మొక్కినాక ఎట్ల పంపేది సార్? మీరే చెప్పండి."

మేనేజరు చాలా మర్యాదగా తలూపాడు. తేదీ మార్చడం కుదరదు, ఆ స్టూడియో సినిమావాళ్ళది, మళ్ళీ దొరకదు, విడుదల సభ గురించి ఛానల్‌లో అప్పుడే చెప్పేశారు. అందుకని ముగ్గురూ చెన్నై వచ్చి పాడతారు, నాలుగో భాగం అక్కడ వేరేవాళ్ళ బదులు పాడిపెట్టే ట్రాక్ సింగర్ పాడుతుంది. ఇదీ ఆయన తేల్చింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగి ఓదార్పుగా అన్నాడు.

"నీ ఫోటో కవరు మీద ఉంటుందమ్మా. పేరూ ఉంటుంది. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తాది గదా సార్" అంది ఆ పిల్ల.

నాకు తెలిసి మేనేజర్లు జవాబు లేనప్పుడు వాచీ చూసుకుంటారు. ఆయనా అదే చేశాడు.

అంతకంటే కష్టమైన పని రెండు రోజుల తర్వాత వచ్చింది. చెన్నై గాయని నేర్చుకోవడానికి వీలుగా తిరుపతి అమ్మాయి భాగాలన్నీ విడిగా పాడించి పంపమన్నారు. తన బదులు పాడబోయే మనిషికి ఆ పిల్లే పాఠం చెప్పాలన్నమాట. నేను రికార్డు చేశాను. ఆమె ఒక్క స్వరం కూడా తగ్గించకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా మధ్యలో చెబుతూ పాడింది. "ఈడ గాలి పట్టుకోవాల, లేకుంటే చివర తేలిపోతాది" అని ఎవరో తెలియని ఆ మనిషికి జాగ్రత్తలు చెప్పింది. ఇన్నేళ్ళలో అంత మర్యాదగా దుఃఖపడిన మనిషిని నేను చూడలేదు.

మిగతా ముగ్గురి మీద మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత జరుగుతున్నా ఒక్కరికీ నోరు పెగల్లేదు. రిహార్సల్‌కు రావడం, పాడటం, టిఫిన్ తినడం, పోవడం. మా ఓనరుతో అన్నాను, ఈ కాలం పిల్లలకు తమ ఫోటో ఉంటే చాలు, పక్కవాళ్ళు ఏమైపోయినా పట్టదని. ఆయన పెద్దమనిషి లాగా, "గమ్మునుండప్పా, మనకెందుకు" అన్నాడు.

చెన్నై ప్రయాణం చాటింపు మరునాటి పొద్దున. సంగీతమున్న సీడీలు అక్కడ అప్పజెప్పి, సాయంత్రానికి అదే వ్యానులో తిరిగొచ్చేట్టు నేనూ వెళ్ళాలి. మేనేజరు ముందురోజే వచ్చి లాడ్జిలో దిగాడు. వ్యాను స్టూడియో ముందుకొచ్చి నిలబడింది. ముగ్గురమ్మాయిలు పొద్దున్నే బస్సుల్లో వచ్చి అక్కడే ఎక్కాలి. ఎంతకీ రారు. మేనేజరు ఫోను చేస్తే కాళాస్తిలో వాళ్ళమ్మ ఎత్తి, "నిన్ననే పోయింది సార్, తిరుపతిలో స్నేహితురాలింటికి" అంది. చిత్తూరు ఇంట్లోనూ అదే జవాబు. నాయుడుపేటలోనూ అదే.

వ్యాను పాత వీధిలోకి మళ్ళింది. దర్జీ ఇంటి ముందు వాకిలి పేడతో అలికి ఉంది. గడపకు వేపాకు కట్టి ఉంది. ముగ్గురూ మెట్ల మీద వరసగా కూర్చుని వేప మండలు కట్టలు కడుతున్నారు. ముఖాలకు పసుపు. కాళాస్తి అమ్మాయి నల్లటి వేళ్ళ మీద ఆ పసుపు వింతగా ఉంది.

"ఏంటమ్మా ఇది? టైమెంతయింది?" అన్నాడు మేనేజరు వ్యాను దిగుతూనే.

కాళాస్తి అమ్మాయి లేచి నిలబడింది. ముందే అనుకుని పెట్టుకున్న మాటలని తెలిసిపోతోంది. "రాత్రి ఈడనే పడుకున్నాం సార్. చాటింపు మేము గూడా విన్నాం. ఇంక జాతర అయ్యేదాకా ఊరు దాటేదానికి లేదు."

"మీది శ్రీకాళహస్తి కదమ్మా. నీకేంటి ఈ జాతరతో?"

"ఆ రాత్రి ఊళ్ళో ఎవురుంటే వాళ్ళందరికీ సార్. కావాలంటే వీధిలో అడగండి."

"మీ నాన్నగారికి ఫోన్ చేస్తాను" అని ఆయన నాయుడుపేట అమ్మాయి మీదికి తిరిగాడు.

"చేయండి సార్. మా నాయనే బస్సెక్కించినాడు" అంది ఆమె. మామూలుగానే అంది గానీ, ఆ గొంతుకు వీధి చివర దాకా వినపడింది.

అప్పటికే నలుగురైదుగురు చేరారు. ఎదురింటి అవ్వ ఒకామె కర్ర పట్టుకుని వచ్చి మేనేజర్ని పైనుంచి కిందికి చూసింది. "చాటింపు విన్న ఆడబిడ్డల్ని పొలిమేర దాటిస్తావా నాయనా? దాటించి నువ్వు బాగుంటావా?" అని నెమ్మదిగా అడిగింది. శాపం పెట్టినట్టు కాదు, క్షేమసమాచారం అడిగినట్టే అడిగింది. డ్రైవరు ఇంజను ఆపేసి తాళం జేబులో వేసుకున్నాడు. "దింపేసి సాయంత్రానికి తిరిగొచ్చేద్దామని ఒప్పుకున్నా సార్. ఈ బిడ్డల్ని మాత్రం ఎక్కించుకోను. నేనూ ఈ ఊరోణ్ణే" అన్నాడు.

తిరుపతి అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు ఈ సంగతి రాత్రి దాకా తెలియదట. జాతర చూడటానికి వచ్చామని చెప్పారట. చాటింపు డప్పు వీధిలోంచి దాటిపోయాక, చిత్తూరు అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంక యాడికీ పోలేం, నీతోనే ఉంటాం" అందట. ఇది నాకు తర్వాత దర్జీ చెప్పాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

నేను ఆ పిల్లల గురించి ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి వ్యానులో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నవ్వేశాను. ఎవరితోనూ గొడవపడలేదు. ఎవరినీ బతిమాలలేదు. పెద్దవాళ్ళు ఏ అడ్డంకి చూపించి ఒకరిని పక్కకు తోశారో, అదే అడ్డంకిని ముగ్గురూ వచ్చి తమ చుట్టూ కట్టుకున్నారు. పెద్ద పెద్ద విద్వాంసులతో పనిచేశాను నేను. పక్కవాడికి మైకు ఒక అంగుళం దగ్గరగా ఉందని అలిగి వెళ్ళిపోయినవాళ్ళను చూశాను. ఈ పిల్లలు తొలి ఆల్బమ్‌ను పణంగా పెట్టారు. అది పోతే రెండోది ఇచ్చేవాడు లేడని వాళ్ళకు బాగా తెలుసు.

మేనేజరు లాడ్జికి పోయి సామాను సర్దుకోబోతే అక్కడ గుమాస్తా అడిగాడట. "మీరు కొండకు వచ్చినారా సార్, పనిమీద వచ్చినారా?" పనిమీద అని ఈయన నిజం చెప్పాడు. "రాత్రి ఈడనే పడుకున్నారు గదా. అయితే మీరూ ఉండాల్సిందే." ఆయన పెద్దగా నవ్వాడు. ఇట్లాంటివి తాను నమ్మనని నాతో చెప్పాడు. కానీ పోలేదు. వారమంతా ఉన్నాడు. ఎందుకు ఉన్నావని నేనూ అడగలేదు.

ఆ సాయంత్రం మా ఓనర్ని, నన్ను కూర్చోబెట్టి, "ఇక్కడే తీయగలరా?" అన్నాడు. మా ఓనరు తీస్తామన్నాడు. నేను కష్టమన్నాను. మాకు మంచి మైకు ఒకటే ఉంది. ఏసీ పెడితే మోత, ఆపితే కొలిమి. పైగా జాతర వారం, ఏ వీధిలో చూసినా పంబలు, డప్పులు. అయినా వేరే దారి లేదు. "సరే, కానివ్వండి. నలుగురినీ విడివిడిగా తీయండి, ఆ నాలుగో అమ్మాయిని చివర్లో" అన్నాడు మేనేజరు. ఎందుకని అడిగితే, "సేఫ్టీ అండీ" అన్నాడు. నాకు అర్థమైంది. విడిగా తీసిన గొంతును విడిగానే తీసేయొచ్చు. టేపు చెన్నైకి చేరాక ఆమె స్థానంలో ఆ ట్రాక్ సింగర్‌ని పెట్టొచ్చు. అమ్మాయిలు ఊరు దాటకపోయినా టేపు దాటుతుంది కదా. ఈ మాట నేను ఆ పిల్లలకు చెప్పలేదు. చెప్పి పాడించడం నా వల్ల కాలేదు.

ఆ వారం పని గురించి చెప్పమంటే ఒకటే చెబుతాను, అంత చెమట నేను జన్మలో చూడలేదు. గాజు గదిలో ఒక్కరే పాడాలి. తలుపు మూసి, ఏసీ ఆపి, ఫ్యాను ఆపి. బయట ఎండాకాలపు మధ్యాహ్నం. మధ్యాహ్నమే ఎందుకంటే, ఎండకు వీధులు ఖాళీ అయి డప్పులు కాస్త సద్దుమణిగేది అప్పుడే. మా ఓనరు తల మీద తడి తువ్వాలు వేసుకుని మిద్దె ఎక్కేవాడు. మొక్కు వేషాలు కట్టిన గుంపు డప్పులతో మా వైపు మళ్ళిందంటే పైనుంచి గొంతు పెట్టి అరిచేవాడు, నేను టేకు ఆపేవాణ్ణి. గుంపు దాటిపోయాక మళ్ళీ మొదలు. కింద అంగడాయన కూడా, పాపం, ఆ వారం బిందెలను మెత్తగా దించమని పనివాళ్ళకు చెప్పాడు.

ఒకరు లోపల పాడుతుంటే మిగతా ముగ్గురు గాజుకు ఇవతల నిలబడేవారు. వెళ్ళి ఫ్యాను కింద కూర్చోండమ్మా అంటే వినరు. లోపలున్న మనిషికి కనపడేట్టు నిలబడి, శబ్దం లేకుండా పెదవులతో తమ తమ భాగాలు పాడుతూ ఉండేవారు. అప్పుడు నాకు తెలిసింది, వీళ్ళు విడివిడిగా పాడటం లేదు, గాజు అడ్డం ఉంది అంతే. నాయుడుపేట అమ్మాయి ఒక పాటలో గొంతు ఎక్కువై మూడుసార్లు చెడగొట్టుకుంది. తిరుపతి అమ్మాయి గాజుకు చెయ్యి ఆనించి నెమ్మదిగా కిందికి దించింది. ఆ చేతిని చూస్తూ ఆమె గొంతు దించి పాడింది. నేను ఎన్ని మీటలు తిప్పినా ఆ పని చేయలేకపోయేవాణ్ణి.

ఆ క్యాసెట్టు తర్వాత ఏమైందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. లోకమేమీ తల్లకిందులు కాలేదు. మా జిల్లా బస్సుల్లో ఒక ఏడాది పాటు మోగింది. కాలేజీ ఫంక్షన్లలో పిల్లలు దానికి గంతులేశారు. భక్తి పాటలు తప్ప ఇంకేవీ అమ్మని అంగళ్ళలో కూడా దానికో వరస దొరికింది. రెండో ఆల్బమ్ రాలేదు. పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు, కేబుల్ ఛానల్ చేతులు మారడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. దాని గురించి బాధపడుతూ రాసేంత అవసరం లేదు. వచ్చిన ఒక్కటీ ఎట్లా వచ్చిందన్నదే నాకు ముఖ్యం.

ఇక చివరి రోజు. చివరి పాట, కాలేజీ వదిలాక నలుగురు స్నేహితురాళ్ళు బస్సు కోసం ఎదురుచూసే పాట. ముగ్గురివీ అయిపోయాయి. తిరుపతి అమ్మాయి లోపలికి పోయి ఒకే టేకులో పాడి బయటికి వచ్చి, తలుపు పక్కన నేల మీద కూలబడింది. మిగతావాళ్ళు ఆమె చుట్టూ చేరి విసనకర్రతో విసురుతున్నారు. మేనేజరు నా వెనక కుర్చీలో కూర్చుని, టేపులు ఎప్పుడు చెన్నైకి పంపొచ్చో లెక్క వేసుకుంటున్నాడు.

అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడైంది. తలుపు తీసుకుని ఒకామె వచ్చింది. ఎర్ర చీర, తలనిండా మల్లెపూలు, ముఖానికి పసుపు, నుదుట రూపాయంత బొట్టు, కింద మీసం. దర్జీ. జాతరలో మొక్కు తీర్చుకునే మగవాళ్ళు ఆడవేషం కట్టడం మా ఊళ్ళో మామూలే. అయితే ఈయనలాగా రవిక ఒంటికి అతికినట్టు ఉండేవాళ్ళు తక్కువ, ఏటా తనే కుట్టుకుంటాడు మరి. చేతిలో పొంగలి గిన్నె. మేనేజరు ఉలిక్కిపడి లేచి నిలబడి, ఎందుకో నమస్కారం కూడా పెట్టేశాడు.

"పాప పాట అయిపోయిందంట గదా. ఒకసారి ఇనిపిస్తారా సామీ?" అని దర్జీ నన్ను అడిగాడు. కూతురు నలుగురిలో పాడటం ఆయన టీవీలో చూశాడు గానీ, ఆమె పాట పెద్ద స్పీకర్లలో ఎప్పుడూ వినలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వేషంలో ఉన్నప్పుడు కూర్చోకూడదన్నాడు.

పాట వేశాను. ఆయన కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి మొత్తం విన్నాడు. అయిపోయాక కళ్ళు తెరిచాడు. ముఖంలో సంతోషముంది, దాని వెనక ఇంకేదో కూడా ఉంది.

"బాగుండాది సామీ. శానా బాగుండాది." స్పీకర్ల వైపు చూశాడు. "దీంట్లో మా పాప యాడుండాది? నాకు తెలీలేదే."

మేనేజరు జాలిగా నా వైపు చూశాడు. "అదేనండీ నేను మొదట్నుంచీ చెప్పేది" అన్నాడు మెల్లగా. "కన్నతండ్రికే వినపడట్లేదు. ఆ పార్టు అక్కడ మార్పించేస్తేనే మంచిది."

మాట ఆయన నోట్లోంచి వచ్చేసింది. నేల మీద కూర్చున్న నలుగురూ విన్నారు. విసనకర్ర ఆగిపోయింది. తిరుపతి అమ్మాయి మేనేజర్ని చూడలేదు, వాళ్ళ నాయన్ను చూసింది. ఆయన గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

నేను పాట మళ్ళీ మొదట్నుంచి వేశాను. "ఇప్పుడు వినండి" అన్నాను. నలుగురూ కలిసే చోటు రాగానే తిరుపతి అమ్మాయి గొంతున్న మీటను పూర్తిగా కిందికి దించేశాను.

సంగీతం అదే. ముగ్గురి గొంతులూ అవే, ఒక్క తప్పు లేదు. కానీ నాయుడుపేట అమ్మాయి అరుస్తున్నట్టుంది. చిత్తూరు అమ్మాయి తేనె గొంతు పలచబడింది. ముగ్గురు ముగ్గురుగా, ఎవరికి వారు, మూడు బస్సుల కోసం నిలబడినట్టున్నారు. చరణం కూడా పూర్తి కాలేదు, దర్జీ చెయ్యి ఎత్తాడు. గాజులు కిందికి జారాయి.

"ఆపు సామీ" అన్నాడు. "అడుగు ఊడిపోయిందే. అడుగు లేని కుండ మాదిరి ఉండాది. ఏం తీసేసినావు? పెట్టు సామీ, తిరిగి పెట్టు."

"మీ పాపను తీసేశాను" అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూతురి వైపు చూశాడు. పసుపు ముఖం మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. ఆ పిల్ల మోకాళ్ళలో తల దాచుకుంది. ముగ్గురూ ఆమెను పట్టుకున్నారు.

మేనేజరు చాలాసేపు ఆ మీటనే చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పాను కదా, పని తెలిసిన మనిషని. చెవి ఉన్న మనిషి కూడా. తర్వాత నడుము నుంచి సెల్‌ఫోను తీసి చెన్నైకి చేశాడు. "ఆ ట్రాక్ సింగర్‌ని రావద్దని చెప్పేయండి. అక్కర్లేదు. వీళ్ళమ్మాయే పాడింది" అన్నాడు. ఫోను పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా పొంగలి గిన్నె అందుకుని, "ఇది మాకేనాండీ?" అని అడిగాడు.

దర్జీ ఆ ప్రశ్న విననేలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, స్పీకరుకు ఒక అడుగు దగ్గరగా జరిగి నిలబడ్డాడు.

"ఇంగొక తూరి వెయ్యి సామీ" అన్నాడు. "ఈ తూరి ఎవురినీ తీయొద్దు."

వేశాను.